వైపరు ఆగితే తప్పు మోటారుదేనా?

మొన్న ఆగస్టు నెలలో వేల్సు కొండల నుంచి బర్మింగ్‌హాం తిరిగి వస్తుండగా మా కారు వైపర్లు నడివానలో ఆగిపోయాయి. కారంటే ఈ కాలపు కారు కాదు. 1962 నాటి మోరిస్ మైనరు. 948 సీసీ ఇంజను, నాకంటే వయసులో పెద్దది. వెనుక సీటులో మా అమ్మ, పక్కన నా శ్రీమతి, ఎదురుగా దీపాలు వేసుకుని వస్తున్న లారీ. అరక్షణం క్రితం దాకా లారీగా ఉన్నది, మరుక్షణం అద్దం మీద అలికిన పసుపు మరకగా మారింది. కొంత దూరం వెనుక, ఎడమ పక్కన ఒక పొలం గేటు చూసిన జ్ఞాపకం. దాని ముందు ఎంత చోటుందో తెలియదు. వేగం తగ్గించి, పక్క కిటికీ దించి, తల బయటపెట్టి, వానలో తడుస్తూ బండిని గడ్డి మీదికి మళ్ళించాను. లారీ హారను మోగించుకుంటూ దాటిపోయింది.

వాన వెలిసేదాకా నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు. చివరికి అమ్మే, "పోనీ నా కొంగుతో తుడవనా?" అంది. చిన్నప్పుడు మా ఊరి బస్సు డ్రైవరు వానాకాలంలో బండి ఆపి, తడిపిన పొగాకు ముద్దతో అద్దాన్ని రుద్దడం గుర్తుకు వచ్చింది. అలా రుద్దితే నీళ్ళు బొట్లుబొట్లుగా నిలవకుండా పలుచని పొరలా జారిపోతాయి. బంగాళదుంప ముక్కతో రుద్దినా అంతేనంటారు. ఆ వేళ కారులో పొగాకూ లేదు, దుంపా లేదు. ఉన్నదల్లా నా ఇంజనీరింగు పట్టా అహంకారం మాత్రమే.

ఇల్లు చేరగానే ఆ అహంకారం తీర్పు చెప్పేసింది: మోటారు పోయింది. అరవైయేళ్ళ మోటారు పోక ఏం చేస్తుంది? మీటరు పెట్టి చూశాను. మోటారుకు వచ్చే ఆకుపచ్చ తీగ దగ్గర పన్నెండు వోల్టులూ ఉన్నాయి. కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు. ఇక సందేహం దేనికి? బాగుచేసిన పాత మోటారు ఒకటి తెప్పించాను. నూటయాభై పౌండ్లు అయింది. రెండు సాయంత్రాలు కష్టపడి, వేళ్ళు గీరుకుని, బిగించి, స్విచ్చి నొక్కాను. అదే నిశ్శబ్దం.

ఈ టపా ఆ నిశ్శబ్దం నేర్పిన పాఠం గురించి. పాత కారులో వైపరు ఆగితే మోటారు మొదటి నిందితుడే కాని, విచారణ లేకుండా దానికి శిక్ష వేయడం అన్యాయం. అంతకంటే ముఖ్యంగా, విచారణ లేకుండా వస్తువు మార్చడం ప్రమాదకరం. ఎందుకంటే అసలు దోషి బండిలోనే ఉండిపోతాడు. మనం మాత్రం "బాగుచేశాను" అన్న ధీమాతో మళ్ళీ వానలోకి వెళ్తాం.

వైపరు చరిత్రలో ప్రతి తరానికీ దానిదైన బలహీనత ఉంది. అమెరికాలోని అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ అనే ఆవిడ న్యూయార్కులో ట్రాము నడిపేవాడు మంచు తుడుచుకోలేక పడుతున్న పాట్లు చూసి, లోపలి నుంచే చేత్తో తిప్పగలిగిన తుడుపుకర్రకు 1903లో పేటెంటు సంపాదించింది. దానికి మరమ్మతు అంటే చేతినొప్పికి మందే. తరువాత ఇంజను పీల్చే గాలి బలంతో, అంటే వాక్యూముతో నడిచే వైపర్లు వచ్చాయి. వీటి సరసం ఏమిటంటే, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తొక్కితే వాక్యూము పడిపోతుంది, వైపర్లు నీరసిస్తాయి. లారీని దాటబోయే క్షణంలోనే, అంటే చూపు ఎక్కువ కావలసిన క్షణంలోనే, అవి విశ్రాంతి తీసుకునేవి. కాలు తీసేస్తే మళ్ళీ పరుగు. ఆ బండ్ల యజమానులకు కనీసం కారణం తెలిసేది. కరెంటు వైపరు అలా కాదు. అది బాగున్నన్నాళ్ళూ ఎత్తుపల్లాలతో పని లేకుండా ఒకే తీరుగా ఆడుతుంది. ఆగినప్పుడు మాత్రం ఎందుకు ఆగిందో పైకి చెప్పదు. అడిగి తెలుసుకోవాలి.

అడగాలంటే ముందు దాని నిర్మాణం తెలియాలి. మైనరులోనూ, ఆ కాలపు అనేక బ్రిటిషు కార్లలోనూ ఉన్న లూకాస్ ఏర్పాటు చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మోటారు గిరగిరా తిరుగుతుంది. దాని కొసన ఉన్న గేర్ల పెట్టె ఆ వేగాన్ని తగ్గించి, గుండ్రని తిరుగుడును ముందు వెనుకల కదలికగా మారుస్తుంది. ఆ కదలిక ఒక లోహపు గొట్టంలో దూర్చిన పొడవాటి కేబులును తోస్తూ, లాగుతూ ఉంటుంది. ఆ కేబులు చుట్టూ మెలిక తీగ చుట్టి ఉండటం వల్ల అది పళ్ళపట్టీలా పనిచేస్తుంది. దారిలో రెండు చోట్ల చిన్న గేరు పెట్టెలున్నాయి. కేబులు పళ్ళు ఆ గేర్లను అటూ ఇటూ తిప్పుతాయి. వాటి ఇరుసులు అద్దం కిందనుంచి బయటకు వచ్చి వైపరు చేతులను ఆడిస్తాయి. మోటారు ఒకటే, పనివాళ్ళు నలుగురు. పని ఆగినప్పుడు మేస్త్రీని మాత్రమే తిట్టడం మనకు అలవాటు.

ఇక విచారణ సంగతి. ఖర్చు లేని ప్రశ్నతో మొదలుపెట్టి ఖర్చయ్యే ప్రశ్న దాకా వెళ్ళడం ధర్మం. నేను సరిగ్గా తలకిందులుగా వెళ్ళాను.

మొట్టమొదట, వైపరు ఆడటం లేదా, ఆడుతున్నా తుడవడం లేదా? రెండోదైతే మోటారు జోలికే పోనక్కరలేదు. రబ్బరు గట్టిపడి ఉంటుంది. లేదా చేతిలోని స్ప్రింగు బలం తగ్గి బ్లేడును అద్దానికి గట్టిగా అదమలేకపోతుంది. లేదా కారుకు ముచ్చటపడి పట్టించిన మైనం పాలిషు అద్దం మీద కూడా పేరుకుని, బ్లేడు తుడవకుండా ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. కాస్త స్పిరిటుతో అద్దాన్నీ, రబ్బరు అంచునూ శుభ్రంగా తుడిస్తే సగం జబ్బులు అక్కడే తేలిపోతాయి.

అసలు ఆడకపోతే ఫ్యూజు చూడాలి. మైనరులో దీనికి విప్పదీసే పని కూడా లేదు. వైపరుకు కరెంటు ఇచ్చే ఫ్యూజే పెట్రోలు ముల్లుకూ, బ్రేకు దీపాలకూ ఇస్తుంది. తాళం తిప్పగానే పెట్రోలు ముల్లు లేస్తే ఫ్యూజు బతికే ఉన్నట్టు.

నెమ్మదిగా ఆడుతుంటే? ఇక్కడే చాలామంది పొరబడతారు. నెమ్మదించడానికి రెండు కారణాలు, రెండూ పైకి ఒకేలా కనబడతాయి. ఒకటి యాంత్రికం: కేబులు గొట్టంలోని గ్రీజు ఏళ్ళు గడిచి కొవ్వొత్తి మైనంలా గడ్డకట్టడం, ఇరుసులు ఎండిపోవడం. రెండోది విద్యుత్తుది: తీగలోనో, అతుకులోనో, మోటారు లోపలి కార్బన్ బ్రష్షుల దగ్గరో కరెంటుకు అడ్డు తగలడం. ఏది ఏదో తేల్చడానికి అమ్మీటరు ఒక్కటి చాలు. ఆరోగ్యంగా ఉన్న ఈ మోటారు సుమారు మూడు ఆంపియర్లు తీసుకుంటుంది. నెమ్మదిగా ఆడుతూ అంతకంటే ఎక్కువ తీసుకుంటుంటే, అది బరువు మోయలేక ఆయాసపడుతోందన్నమాట. గ్రీజు సంగతి చూడాలి. నెమ్మదిగా ఆడుతూ తక్కువ తీసుకుంటుంటే, దానికి తిండి అందడం లేదన్నమాట. తీగల సంగతి చూడాలి. చిన్న లెక్క వేసి చూడండి. దారిలో ఎక్కడో ఒక్క ఓము నిరోధం ఉన్నా, మూడు ఆంపియర్ల దగ్గర మూడు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. పన్నెండింటిలో మూడు! పావువంతు బలం.

యాంత్రికమని తేలితే వైపరు చేతులు తీసి, మోటారు నుంచి కేబులు విడదీసి, దాని కొసకు స్ప్రింగు త్రాసు తగిలించి గొట్టంలో లాగి చూడాలి. ఆరు పౌండ్ల బలానికి మించి పట్టకూడదని పాత వర్క్‌షాపు పుస్తకాలు చెబుతాయి. పడితే కేబులును పూర్తిగా బయటకు తీసి, గొట్టాన్ని కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పట్టించాలి. స్ప్రే డబ్బా నూనె చల్లి సరిపెట్టేవాళ్ళను చూశాను, నేనూ వారిలో ఒకణ్ణి. అది పాత గ్రీజును కాస్త కరిగించి రెండు వారాలు మురిపిస్తుంది, ఆపైన ఉన్న కాస్త జిడ్డునూ కడిగి పోతుంది. ఇరుక్కుపోయిన వైపరును స్విచ్చి వేసే ఉంచి, ఎప్పటికైనా కదలకపోతుందా అని ఎదురుచూడటం మరింత తప్పు. తిరగలేని మోటారు మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు మింగుతుంది; ఆ వేడికి చుట్టలు మాడిపోతాయి. అప్పుడు నిజంగానే మోటారు పోతుంది, దోషి మనమే అవుతాం.

ఇప్పుడు నా కేసుకు వస్తాను. ఈ లూకాస్ మోటారులో ఒక విశేషం ఉంది. మన ఇళ్ళలో స్విచ్చి కరెంటు వచ్చే దారిలో ఉంటుంది. ఇందులో కరెంటు తిరిగి వెళ్ళే దారిలో, అంటే ఎర్తు పక్కన ఉంటుంది. మోటారుకు ఆకుపచ్చ తీగ ద్వారా కరెంటు ఎప్పుడూ వచ్చే ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీది స్విచ్చి వేస్తే మోటారు రెండో కొస బాడీకి కలుస్తుంది, వలయం పూర్తవుతుంది. స్విచ్చి తీసినా వైపర్లు అద్దం మధ్యలో ఆగకుండా గూటికి చేరడానికి మోటారు లోపల ఇంకో చిన్న స్విచ్చి ఉంది. చేతులు కిందికి వచ్చేదాకా అది తన సొంత ఎర్తు దారిని ఇచ్చి, ఆ తరువాత తెంపేస్తుంది. ఇది తెలిస్తే ఒక చక్కని పరీక్ష చేతికి వస్తుంది. మోటారు నుంచి స్విచ్చికి వెళ్ళే తీగను మోటారు దగ్గరే ఒక తీగముక్కతో బాడీకి తాకించాలి. తిరిగితే మోటారు నిర్దోషి. దానికి పట్టేది అర నిమిషం, ఖర్చు సున్న.

నేను చేసింది ఏమిటి? ఆకుపచ్చ తీగ దగ్గర పన్నెండు వోల్టులు చూసి తృప్తిపడ్డాను. (మైనరులో బ్యాటరీ ధనాగ్రం బాడీకి కలిపి ఉంటుంది కనుక మీటరు రుణ గుర్తుతో చూపించింది. దాన్ని చూసి నవ్వుకున్నాను కూడా, ఏదో రహస్యం తెలిసినవాడిలా.) అదే మీటరును రెండో కొస దగ్గర పెట్టి చూసి ఉంటే అక్కడా పన్నెండే కనిపించేది. మోటారుకు రెండు పక్కలా ఒకే వోల్టేజి ఉందంటే దాని గుండా కరెంటు పారడం లేదని అర్థం. స్విచ్చి వేసి ఉన్నా పారడం లేదంటే తిరుగుదారి తెగిందనో, మోటారు లోపలే తెగిందనో అనుమానించాలి. ఇక్కడ రెండో కొస దాకా వోల్టేజి వచ్చింది కనుక లోపల దారి బాగానే ఉంది. తెగింది బయటే. పదో తరగతి భౌతికశాస్త్రం. పట్టా ఉన్నవాడికి తట్టలేదు.

కొత్త మోటారు కూడా మౌనం పాటించిన సాయంత్రం నేను గ్యారేజీలో స్టూలు మీద కూర్చుని ఉండగా అమ్మ కాఫీ తెచ్చింది. కాసేపు చూసి, మా ఇంట్లో మిక్సీ ఆగినా, కుట్టుమిషను ఆగినా అడిగే ప్రశ్నే అడిగింది.

"ఏంరా, మొన్నమొన్నటిదాకా బాగానే ఆడిందిగా. ఈ మధ్య దాంట్లో నువ్వేం కెలికావు?"

కెలికాను. ఏప్రిల్‌లో డ్యాష్‌బోర్డుకు రంగు వేశాను. స్విచ్చిలన్నీ విప్పి, వెనుక ఉన్న లోహపు పలకను గీకి, అందంగా రెండు పూతలు పూసి, మళ్ళీ బిగించాను. స్విచ్చి ఎర్తు తీగ బిగించే స్క్రూ కింద కూడా రంగు పూశాను. రంగు కరెంటును పారనివ్వదు. స్క్రూ మరల దగ్గర దొరికిన కాస్త లోహపు స్పర్శతో వైపర్లు నాలుగు నెలలు ఎలాగో నెట్టుకొచ్చాయి. తేమకు అక్కడా తుప్పు పట్టింది. నిజానికి మే నెల నుంచే అవి నెమ్మదించాయి. నేను గమనించాను కూడా. "పాపం, వయసు అయింది" అనుకున్నాను. మనుషుల జబ్బులకు కూడా ఇదే మాట చెప్పి ఎన్నింటిని పట్టించుకోకుండా వదిలేస్తామో!

బ్యాటరీ తీగ విప్పి, ఆ స్క్రూ తీసి, ఉప్పుకాగితంతో రంగును గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక కాస్త గ్రీజు అద్ది బిగించాను. పది నిమిషాల పని. పాత మోటారునే మళ్ళీ పెట్టి స్విచ్చి వేస్తే, ఏప్రిల్‌కు ముందు ఎలా ఆడేవో అలా ఆడాయి. అమ్మ మాత్రం, "మరి ఆ కొత్తదాన్ని వెనక్కి తీసుకుంటారా?" అని అడిగింది. తీసుకోరు.

ఇక్కడితో ఆపితే ఇది నా అవివేకపు కథ మాత్రమే అవుతుంది. పాత కార్ల మిత్రులతో నాకు మూడు పేచీలున్నాయి.

మొదటిది, "పాత మోటారుతో అవస్థలెందుకు, రెండు వేగాల ఆధునిక మోటారు పెట్టేయరాదూ" అనేవారితో. నాకు మడి లేదు. రోజూ నడిపే బండికి అది మంచి ఆలోచనే కావచ్చు. కాని జబ్బు ఏమిటో తేలాక పెట్టండి. నా బండిలో ఎంత గొప్ప మోటారు పెట్టినా అదే స్విచ్చికి, అదే రంగు పూసిన స్క్రూకి తగిలించి ఉంటే నోరు విప్పేది కాదు. గడ్డకట్టిన గ్రీజు గొట్టానికి బలమైన మోటారు తగిలిస్తే ఇంకా అనర్థం. పాతది ఆయాసపడి ఆగేది, కొత్తది బలవంతాన గేరు పళ్ళు కొరికేస్తుంది.

రెండవది, "మేము వానలో బండి బయటకు తీయం" అనేవారితో. ఆ మాట నేనూ అన్నాను. ఆగస్టు ఉదయం మేము బయలుదేరినప్పుడు ఆకాశం అద్దంలా ఉంది. వాన మన అనుమతి అడిగి రాదు. వైపరు పనిచేయని కారు ప్రదర్శనలో పెట్టడానికి యోగ్యమే. మనుషులను కూర్చోబెట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళడానికి కాదు. ఈ మాట ఇక్కడి మైనరుకే కాదు, 2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడరుకూ వర్తిస్తుంది. అన్నట్టు, అంబాసిడరు మూలం కూడా మోరిస్ కుటుంబానిదే. ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి. మైనరుకు వరసకు అక్క. మన దేశంలో వాటిని ప్రాణంగా చూసుకునేవారు ఎందరో ఉన్నారు. క్రోమియం మెరిపించడంలో చూపే శ్రద్ధలో పదోవంతు ఎర్తు తీగల మీద చూపాలని నా మనవి.

మూడవది ప్రభుత్వంతో అనాలో, నాతోనే అనాలో తెలియదు. బ్రిటనులో 2018 మే 20 నుంచి, పెద్ద మార్పులు చేయని నలభైయేళ్ళు దాటిన కార్లకు ఏటేటా జరిగే ఎం.ఓ.టీ. తనిఖీ తప్పనిసరి కాదు. వీటిని యజమానులు బాగా చూసుకుంటారనీ, తక్కువ తిప్పుతారనీ నమ్మకం. బండిని రోడ్డుకు తగిన స్థితిలో ఉంచే బాధ్యత మాత్రం యజమానిదే. చట్టం ఆ బాధ్యతను మినహాయించలేదు. నాకు ఆ సడలింపు గౌరవంగా అనిపించింది. నాలుగేళ్ళు తనిఖీకి తీసుకెళ్ళలేదు. ఫలితం ఏమిటి? నాలుగు నెలలు నెమ్మదించిన వైపర్లను చూసి "వయసు" అని సరిపెట్టుకున్న పరీక్షకుడే నా బండికి ఏకైక పరీక్షకుడయ్యాడు. తన బండిని తానే పరీక్షించుకునేవాడికి ప్రేమ ఉంటుంది, పరాయి కన్ను ఉండదు. పరాయి కన్నుకు ప్రేమ లేదు కనుకనే నెమ్మదించినది నెమ్మదించినట్టే కనబడుతుంది. సడలింపు ఉన్నా ఏటా స్వచ్ఛందంగా తనిఖీ చేయించుకోవాలన్నది ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. "అరవైయేళ్ళ బండిని నిన్నటి కుర్ర పరీక్షకుడు ఏం అర్థం చేసుకుంటాడు?" అనే మిత్రులకు నా జవాబు: వైపరు తుడుస్తోందా లేదా అన్నది అర్థం చేసుకోవడానికి మోరిస్ చరిత్ర చదవనక్కరలేదు.

అక్టోబరులో తీసుకెళ్ళాను. అమ్మ అప్పటికి ఊరు వెళ్ళిపోయింది. పరీక్షించిన కుర్రవాడు పాతికేళ్ళు దాటనివాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపల కూర్చుని, నీళ్ళు చల్లి, వైపర్లు వేసి చూశాడు. పాసు చేశాడు. కాగితం కింద ఒక సలహా రాశాడు: ఎడమ పక్క బ్లేడు రబ్బరు అంచు చిరిగి ఉంది, మార్చుకోగలరు. స్క్రూ గీకాను, మోటారు మార్చి మళ్ళీ మార్చాను, కేబులు కడిగాను, ఇంత పొడుగు టపాకు సరిపడా జ్ఞానం సంపాదించాను. ఆ రబ్బరు అంచును మాత్రం చూడలేదు. సాయంత్రం ఇంటికి వచ్చే దారిలోనే కొని మార్చాను. ఆరు పౌండ్లు అయింది. నూటయాభై పౌండ్ల మోటారు పాత వార్తాపత్రికలో చుట్టి గ్యారేజీ అలమరలో పైఅరన ఉంది.